ఇంట్లో ఒకరికి కడుపు క్యాన్సర్ వస్తే మిగిలినవాళ్లు ఏం చేయాలి: ఆస్పిరినా, హెచ్ పైలోరీ పరీక్షా, ఎండోస్కోపీనా?

నాయనకో అక్కకో కడుపు క్యాన్సర్ అని తేలాక ఆ ఇంట్లో మిగిలినవాళ్లకు నిద్ర పట్టదు. మనకూ వస్తుందేమోనన్న భయం ఒకపక్క, ఊరికే కూర్చోకూడదన్న ఆదుర్దా ఇంకోపక్క. అలాంటప్పుడే ఎవరో ఫోన్లో ఒక ముక్క చూపిస్తారు: రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే కడుపు క్యాన్సర్ రాదట. బిళ్ళ చవక, కావలిలో అడిగినా కనిగిరిలో అడిగినా దొరుకుతుంది, గుండెకూ మంచిదేనంటారు. చీటీ లేకుండానే మొదలైపోతుంది.

మా సలహా ముందే చెప్తాం. కుటుంబంలో కడుపు క్యాన్సర్ ఉందన్న ఒక్క కారణంతో ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. ముందు కడుపు క్యాన్సర్‌కు దారితీసే హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందో లేదో పరీక్ష చేయించుకోండి. ఉంటే పూర్తి కోర్సు వాడి పోగొట్టుకోండి, పోయిందని మళ్లీ పరీక్షతో తేల్చుకోండి. వయసును బట్టి ఎండోస్కోపీ, అంటే నోటి గుండా కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష. ఆస్పిరిన్ మాట ఆ తర్వాతే, అదీ వేరే కారణం ఉంటేనే.

ముందు తేల్చుకోవాల్సింది: అది నిజంగా కడుపు క్యాన్సరేనా

మన మాటల్లో కడుపు అంటే పొట్టంతా. "అమ్మమ్మ కడుపులో గడ్డ వచ్చి పోయింది" అంటే ఆ గడ్డ జీర్ణాశయంలోది కావచ్చు, కాలేయంలోది కావచ్చు, పెద్దపేగుదో గర్భసంచిదో కావచ్చు. ఒక్కోదానికి ఇంట్లోవాళ్లు చేయించుకోవాల్సిన పరీక్ష వేరు. పెద్దపేగు క్యాన్సర్ అయితే కావాల్సింది కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష), హెచ్ పైలోరీ పరీక్ష కాదు.

కాబట్టి పాత ఫైలు వెతకండి. చెన్నై అడయారుకో, వేలూరుకో, తిరుపతికో తీసుకెళ్లిన కేసైతే బయాప్సీ (ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టు ఎక్కడో బీరువాలో ఉంటుంది. అందులో చూడాల్సినవి మూడు. 'స్టమక్' లేదా 'గ్యాస్ట్రిక్' అన్న మాట ఉందా. 'ఇంటెస్టినల్ టైప్' అని ఉందా, 'డిఫ్యూజ్' లేక 'సిగ్నెట్ రింగ్' అని ఉందా. అప్పటికి మనిషి వయసెంత. ఇంటెస్టినల్ టైప్ అని చూసి పేగు క్యాన్సర్ అనుకునేవాళ్లు చాలామంది. అది కడుపు క్యాన్సర్‌లోనే ఒక రకం పేరు. డిఫ్యూజ్, సిగ్నెట్ రింగ్ అన్నది ఇంకో రకం.

అమ్మ, నాయన, తోడబుట్టినవాళ్లు, బిడ్డలు: వీళ్లలో ఒకరికి కడుపు క్యాన్సర్ ఉంటే మిగతా జనంతో పోల్చితే మనకు రిస్కు సుమారు రెండు మూడు రెట్లు. ఇద్దరికి ఉంటే ఇంకా ఎక్కువ. మేనరికాలున్న ఇళ్లలో ఒక చిక్కు వస్తుంది. అమ్మ తరఫు తాత, నాయనకు మేనమామ ఒకే మనిషి అయ్యే అవకాశం ఉంది. డాక్టరు ముందు ఆయన్ని రెండుసార్లు లెక్కేస్తే కుటుంబ చరిత్ర ఉన్నదానికన్నా బరువుగా కనిపిస్తుంది. ఇంటి పేర్లతో కాదు, మనుషుల పేర్లతో వంశవృక్షం గీసి తీసుకెళ్లండి.

ఆస్పిరిన్ వల్ల ఒరిగేది, పోయేది

ఆస్పిరిన్ మీద ఆశ గాలిలోంచి పుట్టింది కాదు. వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను అది అడ్డుకుంటుంది. కడుపు లోపలి పొరలో ఏళ్ల తరబడి సాగే వాపే క్యాన్సర్‌కు దారి తీస్తుంది కాబట్టి, ఆ వాపు తగ్గితే మేలు జరగాలన్నది ఆలోచన. 2018లో హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక పెద్ద లెక్కలో, హెచ్ పైలోరీకి మందులు వాడి పోగొట్టుకున్న 63,605 మందిని చూస్తే, ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లలో కడుపు క్యాన్సర్ బాగా తక్కువగా కనిపించింది. వార్తల్లో తిరిగేవి ఇలాంటి లెక్కలే.

ఇక్కడ రెండు సంగతులు చదివేవాళ్లకు చేరడం లేదు. వాళ్లంతా అప్పటికే బ్యాక్టీరియాను పోగొట్టుకున్నవాళ్లు. పైగా అది రికార్డులు తిరగేసి చూసిన లెక్క. ఒకరికి ఆస్పిరిన్, ఇంకొకరికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి పోల్చింది కాదు. ఆస్పిరిన్ వాడేవాళ్లు గుండె జబ్బు కోసం తరచూ డాక్టరు దగ్గరికి వెళ్తుంటారు, ఇతర మందులూ వాడుతుంటారు. తేడాలో ఆస్పిరిన్ వాటా ఎంతో అందులో విడదీయడం కష్టం.

ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూసిన పరీక్షల్లో ఆస్‌ప్రీ పెద్దది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది పెద్దవాళ్లు, ఎక్కువమంది 70 దాటినవాళ్లు, రోజుకు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో. 2018లో ఫలితాలు వచ్చాయి. పెద్ద రక్తస్రావాలు ఆస్పిరిన్ వైపు 3.8 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వైపు 2.8 శాతం. క్యాన్సర్ చావులు ఆస్పిరిన్ వైపు తగ్గలేదు సరికదా, కొంచెం ఎక్కువే కనిపించాయి. ఒక్క పరీక్షతో ఆస్పిరిన్ క్యాన్సర్ తెస్తుందని మేం అనం. కానీ 70 ఏళ్ల అమ్మకు "ముందు జాగ్రత్తగా" అంటూ ఆస్పిరిన్ మొదలుపెట్టడం తప్పు అనడానికి ఇది చాలు.

ఇంకో పరీక్ష పేరు కూడా వినిపిస్తుంటుంది. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జన్యులోపం ఉన్న 861 మందిలో రోజుకు 600 మిల్లీగ్రాములు వాడితే, పదేళ్ల తర్వాత చూసేసరికి పెద్దపేగు క్యాన్సర్ 13 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. ఆ మేలు నిజమే. కానీ అది ఆ జన్యులోపం ఉన్నవాళ్లకు, పెద్దపేగుకు సంబంధించింది. దాన్ని తెచ్చి మన ఇంటి కడుపు క్యాన్సర్‌కు అతికించకూడదు.

ఇక పోయేది. మన కడుపు తన ఆమ్లంలో తాను కాలిపోకుండా పైన ఒక జిగురు పొర ఉంటుంది. ఆ జిగురును తయారుచేయించేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఆస్పిరిన్ వాటిని ఆపితే పొర పలచబడుతుంది, పుండు పడుతుంది. అదే బిళ్ళ రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను కూడా వాటి ఆయుష్షంతా, అంటే ఏడు నుంచి పది రోజులు, పనిచేయకుండా చేస్తుంది. అంటే పుండూ పడుతుంది, పడిన పుండు నుంచి కారే రక్తమూ ఆగదు. ఆ కడుపులో ముందే హెచ్ పైలోరీ ఉంటే రెండూ కలిసి పుండును పెంచుతాయి. కడుపు క్యాన్సర్ వచ్చిన ఇంట్లో మిగతావాళ్లకూ ఆ బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అది ఎక్కువగా చిన్నతనంలో ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. పరీక్ష చేయకుండా ఆస్పిరిన్ మొదలుపెట్టడం ప్రమాదం అనేది ఇందుకే.

"ఎకోస్ప్రిన్‌కు పూత ఉంది కదా, కడుపులో కరగదు" అంటారు. నిజమే, ఎకోస్ప్రిన్ అనే ఆ ఆస్పిరిన్ బిళ్ళ పేగులోకి వెళ్లాకే కరుగుతుంది. కానీ దెబ్బ బిళ్ళ తగిలిన చోట మాత్రమే పడదు, రక్తంలో కలిసి తిరిగి కడుపు గోడకు చేరుతుంది. పూత వల్ల మంట తగ్గొచ్చు, రక్తస్రావం ముప్పు తప్పదు. నీళ్లలో కరిగించుకునే డిస్ప్రిన్ అయితే మోతాదే ఎక్కువ, 325 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. గుండెకిచ్చే 75తో దాన్ని సమానంగా చూడకండి.

హెచ్ పైలోరీ: అసలు పని ఇక్కడుంది

ఈ బ్యాక్టీరియాను కనుగొన్న బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది, పొగాకు ఉన్న వర్గంలోనే.

మన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన పరీక్ష దక్షిణ కొరియాలో జరిగింది, 2020లో వెలువడింది. అందులో చేరినవాళ్లంతా అమ్మకో నాయనకో తోడబుట్టినవాళ్లకో కడుపు క్యాన్సర్ ఉన్నవాళ్లే, అందరికీ హెచ్ పైలోరీ ఉంది. సగం మందికి నిజం మందులు, సగం మందికి ఉత్తుత్తివి. సుమారు తొమ్మిదేళ్ల తర్వాత చూస్తే మందు వాడిన 832 మందిలో 10 మందికి, వాడని 844 మందిలో 23 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది. సగానికి పైగా తగ్గింది. మందు వాడినా క్యాన్సర్ వచ్చిన ఆ 10 మందిలో 5 గురికి బ్యాక్టీరియా పోనే లేదు. కోర్సు అయ్యాక మళ్లీ పరీక్ష ఎందుకని అడిగేవాళ్లకు ఈ అంకె చూపించండి.

అంటే ఒకవైపు నెలల తరబడి, ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన, రక్తస్రావం తెచ్చే, ఈ పనికి పనిచేస్తుందని తేలని బిళ్ళ. ఇంకోవైపు బ్యాక్టీరియాను పోగొట్టే కొద్దిరోజుల కోర్సు, సరిగ్గా మనలాంటి కుటుంబాల్లోనే పనిచేసిందని తేలింది.

ఏ పరీక్ష? నాలుగున్నాయి. మలంలో యాంటిజెన్ పరీక్ష, ఊపిరి పరీక్ష, ఎండోస్కోపీలో ముక్క తీసి చేసేది, రక్తంలో యాంటీబాడీ పరీక్ష. మొదటి మూడు ఇప్పుడు బ్యాక్టీరియా ఉందో లేదో చెప్తాయి. రక్త పరీక్ష ఎప్పుడో ఉండి పోయినా పాజిటివ్ చూపిస్తుంది, కోర్సు అయ్యాక దానితో ఏమీ తేలదు. ల్యాబువాళ్లు తేలిగ్గా అవుతుందని దాన్ని చెప్పినా వద్దనండి. ఊపిరి పరీక్ష అన్ని ల్యాబుల్లో ఉండదు, మలం పరీక్ష నమూనాను పెద్ద ల్యాబుకు పంపించి చేయించవచ్చు. ఎలాగూ ఎండోస్కోపీ చేయించే వయసైతే విడిగా వేరే పరీక్ష అక్కర్లేదు, అందులోనే ముక్క తీస్తారు.

ఎక్కువమంది దగ్గర పరీక్ష తప్పేది ఇక్కడే. మన ఇళ్లలో 'గ్యాస్ బిళ్ళ' అంటే పాంటాప్రజోల్, ఒమిప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి. ఉదయం లేవగానే పరగడుపున వేసుకోవడం అలవాటైపోయింది. అవి బ్యాక్టీరియాను చంపవు, అణిచి ఉంచుతాయి. పరీక్ష నెగటివ్ వస్తుంది, మనం హమ్మయ్య అనుకుంటాం. కాబట్టి పరీక్షకు ముందు ఈ బిళ్ళలు రెండు వారాలు ఆపాలి. ఏ యాంటీబయాటిక్ అయినా వాడి నాలుగు వారాలు దాటాలి. ఆ రెండు వారాల్లో మంట వస్తే తెల్ల మందు, డైజిన్ లాంటి యాంటాసిడ్‌తో నెట్టుకురావచ్చు. ఒక్క మినహాయింపు: ఇదివరకు పుండు నుంచి రక్తం పోయినవాళ్లు, గుండె కోసం ఆస్పిరిన్ మీద ఉన్నవాళ్లు గ్యాస్ బిళ్ళను సొంతంగా ఆపకూడదు, డాక్టరును అడిగే ఆపాలి.

పాజిటివ్ వస్తే: ఏ కోర్సు

పాత కిట్లలో క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, గ్యాస్ బిళ్ళ కలిసి ఉండేవి. మన దేశంలో ఆ క్లారిత్రోమైసిన్‌కు, మెట్రోనిడజోల్‌కు లొంగని బ్యాక్టీరియా చాలాచోట్ల ఉంది. దగ్గుకూ విరేచనాలకూ చీటీ లేకుండా మింగిన యాంటీబయాటిక్స్ ఫలితం అది. ఇప్పుడు గ్యాస్ట్రో డాక్టర్లు ఎక్కువగా మొగ్గు చూపేది బిస్మత్ కలిసిన నాలుగు మందుల కోర్సుకు, 14 రోజులు: రెండు పూటలా గ్యాస్ బిళ్ళ, రోజుకు నాలుగుసార్లు బిస్మత్, నాలుగుసార్లు టెట్రాసైక్లిన్ 500, మూడు నాలుగుసార్లు మెట్రోనిడజోల్. మెట్రోనిడజోల్‌కు లొంగకపోవడాన్ని ఈ కోర్సులో పెద్ద మోతాదు, 14 రోజుల కాలం చాలావరకు అధిగమిస్తాయి. ఏది రాయాలన్నది డాక్టరు నిర్ణయం. మనం చెప్పాల్సింది మాత్రం పెన్సిలిన్ పడదా, ఇదివరకు ఏ యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడాం, గర్భిణీనా అన్నవి. గర్భిణులకూ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకూ టెట్రాసైక్లిన్ పనికిరాదు.

కోర్సు మధ్యలో ఎక్కడ గతి తప్పుతుందో చెప్తాం. మెట్రోనిడజోల్‌తో నోరంతా లోహం రుచి, అన్నం సహించదు, నాలుగో రోజుకు చాలామంది మానేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం. అది వాడినన్నాళ్లూ, ఆపాక మూడు రోజులూ మద్యం ముట్టకూడదు, ముడితే వాంతులు, గుండెదడ. టెట్రాసైక్లిన్‌ను పాలు, పెరుగు, క్యాల్షియం, ఐరన్ బిళ్ళలతో కలిపి వేస్తే ఒంటికి పట్టదు. రెండు గంటల తేడా ఉండాలి. పెరుగన్నంతో ముగించే మన భోజనం తర్వాత వెంటనే మింగితే సగం వృథా. దాంతో ఎండలో చర్మం కమిలిపోతుంది కూడా. రొయ్యల గుంటల మీద, పొగాకు తోటలో పగలంతా నిలబడేవాళ్లు ఆ రెండు వారాలు నిండు చేతుల చొక్కా, తలగుడ్డ తప్పనిసరి.

బిస్మత్‌తో మలం నల్లగా వస్తుంది, నాలుక కూడా నల్లబడుతుంది. భయపడి ఆపకండి. అలాగని అన్ని నలుపులూ ఒకటి కాదు. బిస్మత్ నలుపు, ఐరన్ బిళ్ళ నలుపు మామూలు గట్టి మలంలోనే ఉంటాయి. రక్తస్రావపు నలుపు రోడ్డు వేసే తారులా నిగనిగలాడుతూ, జిగటగా, నీళ్లు పోసినా పోకుండా అంటుకుంటుంది, కంపు కూడా వేరు. దాంతోపాటు కళ్లు తిరగడం, చెమటలు, కాఫీ డికాక్షన్ మడ్డిలాంటి వాంతి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి. ఆస్పిరిన్ వాడేవాళ్ల ఇంట్లో ఈ తేడా అందరికీ తెలిసి ఉండాలి.

కోర్సు అయిపోయిన రోజు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దానికి కనీసం నాలుగు వారాల తర్వాత, చివరి రెండు వారాలు గ్యాస్ బిళ్ళ లేకుండా, మలం పరీక్షో ఊపిరి పరీక్షో. పోకపోతే రెండో కోర్సు వేరే మందులతో ఉంటుంది, అదే కిట్ మళ్లీ కొనకూడదు.

ఎండోస్కోపీ ఎవరికి

బ్యాక్టీరియా చాలా ఏళ్లు ఉంటే కడుపు పొర పలచబడి, కొన్నిచోట్ల పేగు పొరలా మారుతుంది. ఆ దశ దాటాక బ్యాక్టీరియాను చంపినా రిస్కు మొత్తం పోదు. అందుకే కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లకు 40, 45 ఏళ్ల ప్రాంతంలో, లేదా ఇంట్లోవాళ్లకు క్యాన్సర్ వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు, ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోవడం మంచిది. పాతికేళ్లవాళ్లకు ఏ ఇబ్బందీ లేకుంటే బ్యాక్టీరియా పరీక్ష చాలు. వాళ్లకే మందుల మేలు ఎక్కువ, పొర ఇంకా చెడి ఉండదు కనుక.

చేయించేటప్పుడు ఒక్క మాట అడగండి: "మా ఇంట్లో కడుపు క్యాన్సర్ ఉంది, కింది భాగం నుంచీ పైభాగం నుంచీ ముక్కలు తీసి వేర్వేరు సీసాల్లో పంపుతారా?" చూసి బాగుందని చెప్పి పంపేస్తే మనకు కావాల్సిన జవాబు రాదు. పొర మారిందో లేదో ముక్కల్లోనే తెలుస్తుంది. అన్నీ ఒకే సీసాలో వేస్తే ఎంత మేర మారిందో తెలియదు. మార్పు ఎక్కువ మేర ఉంటే మూడేళ్లకోసారి, కుటుంబ చరిత్ర కూడా కలిస్తే ఇంకా ముందే మళ్లీ చూడమంటారు. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు ఈ పరీక్ష కోసం దాన్ని ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆ సంగతి ముందుగా చెప్తే చాలు.

రిపోర్టులో డిఫ్యూజ్ లేదా సిగ్నెట్ రింగ్ అని ఉండి, మనిషికి 50 లోపే వచ్చి ఉంటే, లేదా ఇంట్లో ఇద్దరికి వచ్చి ఉంటే, దారి వేరు. అలాంటి కొన్ని కుటుంబాల్లో సీడీహెచ్1 అనే జన్యువులో లోపం ఉంటుంది, 1998లో న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో మొదట కనుగొన్నారు. వీళ్లకు జన్యు పరీక్ష, జన్యు సలహాదారుతో మాటా కావాలి. ఆ క్యాన్సర్ పొర అడుగున పాకుతుంది కాబట్టి ఎండోస్కోపీకి దొరక్క తప్పిపోతుంది, ఆస్పిరిన్‌తో ఆగుతుందనడానికి ఆధారమూ లేదు. చెన్నై, వేలూరు లాంటి పెద్ద సెంటర్లే దీనికి సరి.

ఇప్పటికే గుండె కోసం ఆస్పిరిన్ మీద ఉంటే

ఆపకండి. స్టెంటు వేయించుకున్నవాళ్లు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు కడుపు క్యాన్సర్ భయంతో ఆస్పిరిన్ సొంతంగా మానేస్తే, ముఖ్యంగా స్టెంటు వేసిన మొదటి ఏడాదిలో, స్టెంటు పూడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పన్ను పీకించుకునేటప్పుడు కూడా గుండె డాక్టరును అడగాలి.

వీళ్లు చేయాల్సింది హెచ్ పైలోరీ పరీక్షే. 2022లో వచ్చిన బ్రిటన్ పరీక్షలో, ఆస్పిరిన్ వాడే 60 దాటినవాళ్లలో బ్యాక్టీరియాను పోగొడితే మొదటి రెండున్నరేళ్లు పుండు రక్తస్రావంతో ఆసుపత్రి పాలవడం బాగా తగ్గింది, ఆ తర్వాత ఆ తేడా నిలవలేదు. కాబట్టి వయసు మీరినవాళ్లకు, పాత పుండు ఉన్నవాళ్లకు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా వేసేవాళ్లకు గ్యాస్ బిళ్ళ తోడుగా ఉండాలి, అన్నానికి అరగంట ముందు. క్లోపిడోగ్రెల్ ఉంటే ఒమిప్రజోల్, ఎసోమిప్రజోల్ కాకుండా పాంటాప్రజోల్ మేలు, మొదటి రెండూ దాని పనిని తగ్గిస్తాయి.

కనిగిరి, మార్కాపురం వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు ఇంటింటికీ ఉన్నాయి. అక్కడ మా భయం ఆస్పిరిన్ ఒక్కదాని గురించి కాదు, దాని మీద రోజూ పడే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ గురించి. ఆస్పిరిన్‌కు నొప్పి బిళ్ళ తోడైతే పుండు, రక్తస్రావం రెండూ ఎన్నో రెట్లు పెరుగుతాయి, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ గుండెకు చేసే మేలునే అడ్డుకోగలదు. రంగు బిళ్ళలు కలిపి పొట్లం కట్టిచ్చే చోట అందులో ఏముందో అడిగి పేరు రాయించుకోండి. నొప్పికి మొదట పారాసిటమాల్, కాపడం, పైపూత.

తిండి, పొగాకు

ఆవకాయ, ఎండు చేపలు, ఎండు రొయ్యలు లేకుండా మన దగ్గర ముద్ద దిగదు. మానేయమనడం లేదు. ఉప్పు ఎక్కువైన తిండి కడుపు పొరను చెరుస్తుంది. మొత్తం రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు, దాటకూడదు. ఎండు చేపలు రెండు నీళ్లు మార్చి నానబెట్టి వండితే ఉప్పు చాలావరకు పోతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ మాత్రం మొత్తం మానాల్సిందే. మన జిల్లాల్లో పొగాకు పంట బతుకు తెరువు కావచ్చు, తాగడం వేరు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ కాగితాలు తీసుకెళ్లండి: క్యాన్సర్ వచ్చినవాళ్ల బయాప్సీ రిపోర్టు జిరాక్సు, వాళ్లకు అప్పటి వయసు, మీరు వాడే ప్రతి బిళ్ళ స్ట్రిప్పు ఖాళీదైనా సరే, గ్యాస్ బిళ్ళ చివరగా ఎప్పుడు వేశారో తేదీ, ఇటీవలి హిమోగ్లోబిన్. హిమోగ్లోబిన్ కారణం లేకుండా తగ్గుతూ ఉంటే, బరువు తగ్గుతూ ఉంటే, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటే ఈ వరుసంతా పక్కన పెట్టి నేరుగా ఎండోస్కోపీకే వెళ్లండి.